దొరసాని గిటారు చీలలు

మొన్న మా మనవరాలు ఒక చిన్న పొట్లం చింపి, అందులోవి నా మంచం మీద కుమ్మరించింది. తెల్లటి ప్లాస్టిక్ చీలలు. తన గిటారుకు ఒకటి విరిగితే మొత్తం కొత్తవి తెప్పించుకుంది. అన్ని గిటార్లకూ సరిపోతాయని పొట్లం మీద రాసి ఉందట. ఒక్కటీ సరిగ్గా కూర్చోలేదు. దిగినట్టే దిగి, తీగ బిగించగానే పైకి లేచి వస్తున్నాయి.

"అమ్మమ్మా, అమ్మినోడు కావాల్నని పాత సరుకు అంటగట్టిండు. నాకు ముందునుంచే డౌటు," అంది.

పిల్ల అచ్చం మా ఇంటి పిల్లే అనుకున్నాను. వస్తువు సరిపోకపోతే ముందు కొలత చూసుకోవాలని మా వంశంలో ఎవరికీ తోచదు. ముందు మనిషిని అనుమానిస్తాం, కొలత సంగతి తర్వాత. ఒక చీలను వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న తలకాయతో ఉంది. బోధన్ గుర్తొచ్చింది. ఇలాంటి చీలల కోసమే ఒక చలికాలమంతా రెండిళ్ళవాళ్ళం ఒకరి గడప ఒకరం తొక్కకుండా ఉన్న సంగతి గుర్తొచ్చింది.

మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో ఉండేది. చెరకు ఆడడం మొదలైతే ఊరంతా ఒకటే వాసన. మొదటి వారం బెల్లం పాకంలా నోరూరించేది. ఆ తర్వాత మడ్డి పులిసిన వాసన పైకొచ్చేది. అన్నంలో అదే, దుప్పట్లో అదే, తలంటుకున్న జుట్టులో కూడా అదే. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని నెలల్లో ఏదో వెలితిగా ఉండేది. చెరకు బండ్ల వరుస ఫ్యాక్టరీ గేటు నుంచి మా సందు మలుపు దాకా నిలిచి ఉండేది. బడి నుంచి వస్తూ బండి వెనక నుంచి ఒక గడ లాగడం మా పిల్లల హక్కు. బండివాడు ముందు నుంచి "ఎవలే అది" అని కేకేసేవాడు కానీ దిగేవాడు కాదు. దిగితే వెనకవాడు ముందుకొస్తాడని అతని అనుమానం.

మా బాపు ఆ గేటు దగ్గర కాటా మీద పనిచేసేవాడు. బండిని తూచి లోపలికి పంపడం ఆయన పని. రైతులకు బాపు మీద అనుమానం, బాపుకు రైతుల మీద అనుమానం. "ఎండల నిలవడి గడ ఎండింది సారూ, తూకం తగ్గింది, మా పాపమా అది," అని ఒకడు ఏడిస్తే, కాటాకు ఏదో కట్టి ఉంచారని ఇంకొకడు వంగి కిందికి చూసేవాడు. బాపు మాత్రం కట్టల నడుమ నీళ్ళు చల్లుకొచ్చారేమోనని చెయ్యి పెట్టి తడిమేవాడు. పొద్దంతా అలా అనుమానించి, అనుమానించబడి ఇంటికొచ్చిన మనిషి కదా, జొన్నరొట్టె ముందు కూర్చుని కూడా పచ్చిపులుసులో ఉప్పు ఎవరు తగ్గించారని విచారణ పెట్టేవాడు.

బాపుకు ఆ గుణం తల్లి నుంచి వచ్చింది. మా అవ్వ తాళం వేసి లాగి చూసేది. వీధి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఇంకోసారి లాగి చూసేది. పాలు పోసే ఆమె ముఖం చూస్తూ పాలు పోయించుకునేది, చెంబు చూస్తూ కాదు. నీళ్ళు కలిపినవాళ్ళ కళ్ళు కిందికి పోతాయని ఆమె నమ్మకం.

ఇలాంటి ఇంట్లో మా అక్క ఎలా పుట్టిందో తెలియదు. నాకంటే చాలా పెద్దది. బడి చదువు అయిపోయి, మా చర్చిని ఆనుకుని ఉన్న చిన్న దవాఖానలో గాయాలకు కట్లు కట్టే పని చేసేది. ఎవరినీ అనుమానించేది కాదు, ఎక్కువ మాట్లాడేదీ కాదు. ఆ దవాఖాన నడిపిన దొరసానమ్మ తన దేశానికి వెళ్ళిపోయే ముందు అక్కకు గిటారు వాయించడం నేర్పి, ఆ గిటారును చర్చికి ఇచ్చి వెళ్ళింది. చర్చిలో ఎలుకల భయం కాబట్టి అది మా ఇంట్లోనే ఉండేది. అక్క దాన్ని తీసుకుని కూర్చుంటే నేను పక్కన చేరి దాని కడుపులోకి ముక్కు పెట్టి వాసన చూసేదాన్ని. అందులో చక్కెర ఫ్యాక్టరీ వాసన ఉండేది కాదు. ఏదో పాత కట్టె వాసన, దొరసానమ్మ సబ్బు వాసన. మా ఇంట్లో బోధన్ వాసన పట్టని వస్తువు అదొక్కటే.

గిటారు కింది భాగంలో అడ్డంగా ఒక కట్టె పట్టె ఉంటుంది. దానికి ఆరు రంధ్రాలు. తీగ కొసను రంధ్రంలోకి వదిలి, పైనుంచి చీల నొక్కితే తీగ ఊడి రాదు. దొరసాని గిటారుకు ఉన్నవి ఎముకతో చేసిన చీలలు. వెన్న రంగులో నున్నగా, ఒక్కో తల మీద చిన్న నల్ల చుక్కతో ఉండేవి. పట్టెలో ఉన్నప్పుడు తలలే కనిపించేవి. బయటికి తీస్తేనే వాటి పొడుగు తెలిసేది.

గిటారు రాకముందు మా చర్చిలో పాటకు ఆధారం ఢోలక్. దాన్ని వాయించే ముసలాయనను అందరం ఢోలక్ తాత అనేవాళ్ళం. మాకు చుట్టం కాదు కానీ చుట్టం కంటే ఎక్కువ. నా చిన్నప్పుడు నన్ను ఒళ్ళో బోర్లా వేసుకుని నా వీపు మీదే వేళ్ళతో తాళం వేసేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క, దానికి అంటుకున్న బీడీ పొడి ఉండేవి. ఆ పొడి ఊదేసి నాకు పెట్టేవాడు. ఆయనకూ, ఆయన భార్యకూ పిల్లలు లేరు. ఒక ఆడపిల్ల పుట్టి, నడక రాకముందే పోయిందని అమ్మ చెప్పేది.

గిటారు వచ్చాక తాతకూ బాపుకూ చెడింది.

"గా పెట్టె మోగితే నా ఢోలక్ ఎవలకు ఇనవడ్తది," అన్నాడు తాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక.

"నీ ఢోలక్ ఇనవడితే పాట ఎవలకు ఇనవడ్తది మామా," అన్నాడు బాపు.

బాపు దాన్ని ఎగతాళికి అన్నాడు. తాత ఎగతాళిగా తీసుకోలేదు. అప్పటి నుంచి ఆయన చాపకు ఆ కొసన, అక్క ఈ కొసన. ఆయన గిటారు వైపు ముఖం తిప్పేవాడే కాదు. అది ఉన్న పక్క నుంచి నడిచేవాడు కూడా కాదు.

ఆ ఏడు కోతల పండుగకు జిల్లా చర్చిలన్నిటికీ పెద్దయ్యగారు వస్తున్నారని పాస్టరయ్య చెప్పాడు. కోతల పండుగంటే మా చర్చిలో పెద్ద సంబరం. ఎవరి చేనులో పండింది వాళ్ళు మొదటి పంటగా తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, మక్కకంకులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆ సంబరంతో పాటు పాస్టరయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. నిజామాబాద్‌లో పెద్ద చర్చివాళ్ళు గిటారు అడుగుతున్నారట. ఇక్కడ వాయించేవాళ్ళు ఉన్నారని పెద్దయ్యగారు కళ్ళారా చూస్తే ఇక్కడే ఉంచుతారు. మూలన పడి ఉంటే తీసుకుపోతారు.

అక్క ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఆ గిటారు పోతే తనకు ఇంకేం మిగలదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. దవాఖానలో చీము, రక్తం కడిగి వచ్చి, చేతులు సబ్బుతో రుద్దుకుని, గిటారు పట్టుకుంటేనే ఆమె మనిషయ్యేది.

ఒక శనివారం అక్క తీగలన్నీ విప్పి, తుప్పు తుడవడానికి కూర్చుంది. ఆరు చీలలూ గుడ్డ ముక్క మీద పెట్టి అరుగు మీద ఉంచింది. ఇంతలో దవాఖాన నుంచి పిలుపు వచ్చి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గుడ్డ ఉంది, చీలలు లేవు.

అరుగు కింద, తులసి పొద వెనక, కోళ్ళ గంప కింద వెతికాం. నేను కోడిపుంజు గొంతు కూడా తడిమి చూశాను. లేవు. బాపు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"ఇయ్యాల మనింటికి ఎవలెవలు వచ్చిండ్రు?"

అమ్మ కాస్త తటపటాయించింది. "ఢోలక్ మామ వచ్చి పోయిండు. నువ్వున్నవా అని అడిగిండు. అరుగు కాడ్నే నిలవడ్డడు. నేను లోపల రొట్టె చేస్తున్న."

ఇంకేముంది. బాపు అరుగు మీద కూలబడి, కాటా మీద దొంగ బండిని పట్టుకున్నవాడిలా తల ఊపాడు. అవ్వను అడుగుదామంటే ఆమె అప్పటికే వేల్పూర్ బస్సెక్కింది. మా మేనత్తను అక్కడ ఇచ్చారు. వాళ్ళకు పసుపు తవ్వే కాలం. కొమ్ములు ఉడకబెట్టి ఎండేసే దాకా అవ్వ తిరిగి రాదు. అయినా అవ్వ మీదికి ఎవరి ఆలోచనా పోలేదు. అందరినీ అనుమానించే మనిషిని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

తర్వాతి వారాల్లో ఢోలక్ తాత తీరు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. చర్చిలో ద్వారం దగ్గర కూర్చునేవాడు. ఢోలక్ మోత తగ్గింది, వేళ్ళు తడబడేవి. ఆరాధన అవగానే మా వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. ఒకసారి నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే, జేబులోంచి బెల్లం తియ్యలేదు. నా చెయ్యి విడిపించుకున్నాడు.

"సూసినవా," అన్నాడు బాపు అమ్మతో. "తిన్నోని మూతి వేరే ఉంటది."

"అక్కరకొచ్చే మనిషి. నోరు జారకు," అంది అమ్మ.

నాకు మాత్రం నోరు జారడానికి సరిపడా ఆధారాలు కావాలి. కరివేపాకు అడిగే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. సందులోనే ఎండుమిరపకాయలు కాలిన ఘాటు తగిలి దగ్గొచ్చింది. తాత భార్య వాకిట్లో చాటలో బియ్యం పోసుకుని, ఒక్కో గింజనూ వేలితో పక్కకు జరుపుతూ చూస్తోంది. బియ్యం అలా ఏరేవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. నన్ను చూసి చాట మీద కొంగు కప్పింది.

"ఎవలు తోలిండ్రు బిడ్డా నిన్ను?"

"ఎవలు లేరు. కలియమాకు కావాలె."

"మీ బాపు తోలిండా?"

కరివేపాకు ఇవ్వలేదు. తలుపు వేసేసింది. ఆమె చాట కప్పేసిందని నేను ఇంటికొచ్చి చెప్పాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, చెరకు నములుతూ కాలువ గట్టు మీద కూర్చుంటే, తాతా, ఆయన భార్యా సమాధుల తోట నుంచి వస్తూ కనిపించారు. తాత చేతిలో చిన్న గడ్డపార ఉంది. అదీ వచ్చి చెప్పాను.

"బొంద పెట్టిండ్రు," అన్నాడు బాపు. "మన చీలలు తీస్కపోయి బొంద పెట్టిండ్రు."

"వాళ్ళ పిల్ల సమాధి ఉంది గద బాపు అక్కడ. గడ్డి చెక్కెటందుకు పోయి ఉంటరు," అంది అక్క.

"ఇన్నేండ్లు లేని గడ్డి ఇప్పుడే మొలిచిందా?"

వెళ్ళి తవ్వి చూద్దామని బాపుకు గట్టిగానే ఉంది. కానీ సమాధుల మధ్య గడ్డపార పట్టుకుని తిరిగితే లోకం తనను ఏమని అనుమానిస్తుందోనని ఆగిపోయాడు.

పండుగ దగ్గరపడుతోంది. ఉన్నవి దొరకకపోతే కొత్తవి చేయించాలి. కొత్తవి చేయించాలంటే కొలత కావాలి. గిటారును రైల్లో వేసుకుపోదామంటే బాపు ఒప్పుకోలేదు, రైల్లో దొంగలుంటారట. పాత చీల ఒక్కటైనా లేదు, ఉన్నవి రంధ్రాలే. బాపు కాసేపు ఆలోచించి, నా చేతిలోని చెరకు గడ లాక్కుని, దాని పై పెచ్చు చీల్చి, కత్తితో సన్నగా చెక్కడం మొదలుపెట్టాడు. రంధ్రంలో పెట్టి చూడడం, తియ్యడం, ఇంకాస్త చెక్కడం. చివరికి అది బిరడాలా బిగిసింది. అలాంటివి ఆరు చేశాడు, ఒక్కో రంధ్రానికి ఒక్కొక్కటి. బోధన్‌లో మాకు చేతికి ముందు తగిలేది చెరకే. పళ్ళు తోముకోవడానికీ, కుక్కను కొట్టడానికీ, బట్టల తాడుకు ఊతమివ్వడానికీ అదే. ఆ చెరకు చీలలను చొక్కా జేబులో వేసుకున్నాడు. సెలవు దొరికే దాకా అవి అక్కడే ఉన్నాయి.

సెలవు రోజున బాపు, అక్క, నేను రైలెక్కాం. నిజామాబాద్‌లో దిగగానే నాకు ముందు తగిలింది పసుపు. గంజ్ వైపు గాలిలోనే పసుపు ఉండేది. హమాలీల కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. మరాఠీలో బేరమాడేవాళ్ళు, ఉర్దూలో తిట్టుకునేవాళ్ళు. బాపు నా చెయ్యి ఒక చేత్తో, తన జేబు ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. సందులు తిరిగి తిరిగి, కట్టెను తిప్పుతూ చెక్కే ఒక ఖరాదీ దుకాణం పట్టుకున్నాం. మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, బొంగరాలు కుప్పలుగా ఉన్నాయి. ఖరాదీ చెరకు చీలను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఏం చీజ్ ఇది అన్నా? గిల్లీదండాకా?"

"గిటారుకు. సక్కగ గింతే రావాలె. తక్కువ రావద్దు, ఎక్కువ రావద్దు."

"గింతే వస్తది. మీరు చాయ్ తాగి రాండ్రి."

బాపు చాయ్ తాగడానికి వెళ్ళలేదు. మేము వెళ్తే కట్టె మారుస్తాడని అక్కడే నిలబడ్డాడు. నల్లని జిట్రేగి కట్టె ముక్కలోంచి ఒక్కో చీలా బయటికి వస్తుంటే కళ్ళార్పకుండా చూశాడు. ఖరాదీ నాకు ఒక చిన్న బొంగరం ఇచ్చాడు. ఊరికే ఎందుకిచ్చాడా అని బాపు దాన్నీ తిప్పి చూశాడు.

ఇంటికొచ్చి చీలలు పెడితే లొడలొడమన్నాయి. అక్క తీగ బిగించడం మొదలుపెట్టగానే ఒకటి ఎగిరి వచ్చి గోడకు తగిలింది.

"నా కండ్ల ముంగట్నే మోసం చేసిండు," అన్నాడు బాపు. "కట్టె మిగిలించుకుందామని సన్నగ తీసిండు."

"గంత చీలల ఎంత కట్టె మిగులుతది," అంది అమ్మ.

"ఊరందరి కాడ మిగిలిస్తే మంచం అయితది."

అక్క గిటారును ఒళ్ళోకి లాక్కుంది. బాపు జేబులోంచి చెరకు చీల ఒకటి తీసుకుని, అది పుట్టిన రంధ్రంలోనే వేసింది. అది బిగియలేదు. తల దాకా జారి, గిటారు కడుపులోకి పడిపోయింది. లోపల అటూ ఇటూ దొర్లిన చప్పుడు మేమందరం విన్నాం.

బాపు వంగి ఆ రంధ్రంలోకి చూశాడు.

"గడ ఎండింది," అన్నాడు.

కాటా దగ్గర పొద్దంతా రైతులు ఆయనతో చెప్పే మాట అదే. ఆయన ఎన్నడూ నమ్మని మాట అదే. అమ్మ నవ్వు ఆపుకోవడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బాపు మాత్రం నవ్వలేదు. మళ్ళీ కూర్చుని, ఈసారి ఎండు వెదురుతో చెక్కాడు. మరునాడు ఒక పూట సెలవు పెట్టి ఒక్కడే నిజామాబాద్ వెళ్ళాడు. వెళ్తూ మంచి చెరకు గడలు ఒక కట్ట భుజాన వేసుకుపోయాడు. ఖరాదీకి అని చెప్పలేదు కానీ, తిరిగొచ్చేటప్పుడు కట్ట లేదు. కొత్త చీలలు మాత్రం పండుగకు ముందు రోజు పొద్దున బిగుసుకుని కూర్చున్నాయి. అక్క ఒక్కసారి తీగలన్నీ మీటింది. దొరసాని చీలలున్నప్పటి మోత కాదు, కాస్త మెత్తగా, కాస్త లోపల్నుంచి వచ్చింది. అయినా అక్క కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే అవ్వ వేల్పూర్ నుంచి దిగింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. మూట దించకుండానే గిటారు వైపు చూసింది.

"గీ నల్లవేంది? తెల్లవి ఏమైనయి?"

"పోయినయి అవ్వా. నువ్వు పోయిన నాడే పోయినయి," అంది అక్క.

"పోవుడేంది? నేను దాస్తి గదనే. అరుగు మీద పారేసి పోతివి, గా ఢోలకోడు వాకిట్ల తచ్చాడవట్టె. వాని కన్ను వాటి మీదనే ఉండె. తీసి పిడికెడు బియ్యం ముంతల ఏసిన. దేవుని బియ్యంల దొంగ చెయ్యి పెట్టడు గద."

అమ్మ చూపు వంటింట్లోని ముంత మీదికి పోయింది. పిడికెడు బియ్యం అంటే మా చర్చి ఆడవాళ్ళ అలవాటు. అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేస్తారు. అది దేవుని వాటా. ఆదివారం అందరూ తమ ముంతలు తెచ్చి చర్చిలో పెద్ద గంపలో కుమ్మరిస్తారు. అవ్వ బస్సెక్కిన మరునాడు ఆదివారమే. అమ్మ ఎప్పటిలా పైన పిడికెడు వేసి, ముంత తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ కుమ్మరించింది. గంపలోని బియ్యం సగం పాస్టరయ్యకు, సగం చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళకు. ఆ ముసలివాళ్ళెవరో మా అందరికీ తెలుసు.

"అయితే వాళ్ళకు దొరికినయి," అన్నాడు బాపు లేస్తూ. "దొరికి గూడ నోరు మెదపలే. సూడుండ్రి ఎట్లుంటదో."

బాపు ముందు, అవ్వ వెనక, వాళ్ళిద్దరినీ ఆపుదామని అక్క, ఏం జరుగుతుందో చూద్దామని నేను. తాత తలుపు తీసి, అందరినీ ఒక్కసారి చూసి వెనక్కి అడుగేశాడు.

"మామా, బియ్యంల మీకు ఏమన్న దొరికినయా?" అన్నాడు బాపు.

తాత ముఖంలో రక్తం లేదు. "అంటే మీ ఇంటియేనా అవి," అన్నాడు. "నేను అనుకున్నదే అయింది. నా మీద గంత పగ ఎందుకురా నీకు?"

"పగేంది?"

"ఆరు బొక్కలు, మనిషి ఎముకలు. సన్నటి బొక్కలు, ఒక్కోదాని నెత్తి మీద నల్లటి బొట్టు. బియ్యం కడుగుతుంటే నా ముసల్దాని చేతికి తాకినయి. చేతబడి, బాణామతి కాకపోతే ఏందది? ఎవలకు చెప్పుకోవాలె? యేసయ్యను నమ్మినోన్ని, బాణామతి చేసిండ్రని పాస్టరయ్యకు చెప్తనా? నాకు ఎవల మీద అనుమానం పోతది? గీ ఊర్ల నాతోని మాట పడ్డది నువ్వొక్కనివే."

బాపు అవ్వ వైపు తిరిగాడు. అవ్వ తన పచ్చని చేతులు కొంగులో దాచుకుంది.

"తాతా, అవి గిటారు చీలలు," అంది అక్క మెల్లగా. "మా అవ్వ ముంతల దాచింది. నీకు దొరకొద్దని దాచింది."

ఆ ఆఖరి మాట చెప్పకపోయినా పోయేది. అక్కకు అబద్ధం చెప్పడం రాదు, అదే ఆమెతో చిక్కు. తాత గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఆ చీలలను ఎన్నడూ దగ్గర నుంచి చూడలేదు, చూడనని పట్టుపట్టాడు. మేమైతే ఆయన ముఖాన్ని రోజూ దగ్గర నుంచే చూశాం, భయాన్ని దొంగతనం అనుకున్నాం.

"గడ్డపార తెస్త," అన్నాడు తాత. "సమాధుల తోటల పెట్టినం. పొద్దుగూకకముందే తవ్వి ఇస్త పా."

అంతసేపూ లోపల నిలబడ్డ ఆయన భార్య అప్పుడు గడప మీద కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"మొదాలు బయటికి ఇసిరికొడ్దమన్నడు. నేనే వద్దన్న. చేతుల పట్టుకుంటే చిన్నపిల్ల ఏళ్ళ తీరు ఉండె. ఎవలో కానిపని చేసేటందుకు ఎవల పిల్లనో తవ్వి తెచ్చిండ్రు, గా పిల్ల ఏం పాపం చేసింది అన్న. కొత్త గుడ్డల సుట్టి, ప్రార్థన చేసి, మా పిల్ల పక్కన పెట్టినం."

గడ్డపార తెచ్చి నిలబడ్డ తాతను బాపు చూడలేకపోయాడు. ఏం చెయ్యాలన్నట్టు అక్క వైపు చూశాడు. ఆ చీలలు అక్కవి. దొరసానమ్మ తన చేతుల్లో పెట్టి వెళ్ళినవి. వాటితో ఆ గిటారు ఎలా పలికేదో తెలిసింది ఆమె ఒక్కదానికే.

"వద్దు తాతా," అంది అక్క. "నా కాడ కొత్తవి ఉన్నయి. అవి అక్కడ్నే ఉండనీయి."

మరునాడు కోతల పండుగలో తాత తన చాప తెచ్చి అక్క పక్కన వేసుకున్నాడు. ఢోలక్ మోగితే పాట వినబడదని బాపు ఇదివరకు అన్నాడు కదా, నిజంగానే సరిగ్గా వినబడలేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పెద్దయ్యగారు ఒక గుమ్మడికాయ, ఒక కోడిని తీసుకుని, గిటారును వదిలి వెళ్ళారు. బయట తాత నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. బీడీ పొడి ఊదడం మరిచిపోయాడు. నేను అలాగే తిన్నాను.

మా అవ్వ ఆ తర్వాత కూడా తాళం రెండుసార్లు లాగుతూనే ఉంది. బాపు మాత్రం గడ ఎండిందని రైతు అంటే వెంటనే కసరడం మానేశాడని, కాస్త ఆగి కసిరేవాడని చెప్పుకునేవారు. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఫ్యాక్టరీ మూతపడి ఆ గేటు ముందు బండ్ల వరుసా లేదు. బోధన్ బస్సు దిగితే నాకు ఊరి వాసనే దొరకదు. దారి తప్పానేమోనని ఇప్పటికీ అనుమానం వస్తుంది.

"మరి ఆ బోన్ పిన్స్ అక్కడే వదిలేసిండ్రా?" అంది మా మనవరాలు. కథంతా విని ఆమెకు మిగిలింది అదీ.

వదిలేశాం. ఈస్టరు నాడు తెల్లవారకముందే మా వాళ్ళందరూ సమాధుల తోటకు వెళ్ళి, తమ తమ సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించేవారు. ఆ ఏడు తాత భార్య తన బిడ్డ సమాధి మీద ఒక కొవ్వొత్తి వెలిగించింది. పక్కనే, అరచేయంత మట్టి దిబ్బ మీద ఇంకొకటి వెలిగించింది. ఆ మరుసటి ఏడూ అంతే. నాకు ఆగలేదు, ఆమెనే అడిగేశాను.

"అవ్వా, అవి గిటారు చీలలని తెలుసు గద నీకు. మల్ల ఎందుకు ముట్టిస్తున్నవు?"

ఆమె గాలికి చెయ్యి అడ్డం పెట్టి వత్తి నిలబడే దాకా ఆగింది.

"ఒకసారి పిల్ల అనుకున్న గద బిడ్డా," అంది.

నా జన్మలో నేను అనుమానించని మనుషులు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. ఆ మాట మీద మాత్రం ఇంతవరకూ అనుమానం రాలేదు.